చెట్టు కొట్టే ముందు గబ్బిలాల తనిఖీ: చెరువు కట్ట మీది 38 చెట్ల పని డైరీ

చోటు: అనంతపురం జిల్లా, శింగనమల వైపు ఒక చెరువు కట్ట. కట్ట పక్కనే రోడ్డు, రోడ్డు వెంట 11 కేవీ కరెంటు లైను. రోడ్డు వెడల్పు చేయాలి, లైనుకు తగిలే కొమ్మలు కొట్టాలి. జాబితాలో 38 చెట్లు: చింత 17, వేప 9, తాటి 6, మర్రి 4, రావి 2. నాలుగు వేపలు మొదలంటా పోయేవి, మిగతావాటికి కొమ్మల పనే.

పని మొదలయ్యేలోపు ఏ చెట్టులో గబ్బిలాలున్నాయో తేల్చాలి. "ఉన్నాయి" అని రాయడం తేలిక, ఒక్కటి కనిపిస్తే చాలు. "లేవు" అని రాయడానికే ఆధారం కావాలి. అందుకే రిజిస్టరులో మొదటి రోజే మూడు గడులు గీశాం: ఉన్నాయి, లేవు, తేలలేదు. తేలలేదు అని రాసిన చెట్టు కోత విషయంలో ఉన్నట్టే లెక్క. ఈ మూడో గడి లేకపోతే, కొసదాకా చూడని ప్రతి తొర్రా సాయంత్రానికి "లేవు"లోకి జారిపోతుంది. రంపం పెట్టాక గానీ అది బయటపడదు.

దశ 0: నెల ఎంచుకోవడం (సెప్టెంబరు)

మొదట ఇచ్చిన తేదీలు మే నెలవి. వానాకాలం ముందు లైను పక్క కొమ్మలు కొట్టడం ఆనవాయితీ కాబట్టి రోడ్డు పనిని కూడా దానికే జత చేశారు. గబ్బిలాలకు అంతకంటే చెడ్డ నెల లేదు.

- పెద్ద గబ్బిలం (టెరోపస్ మీడియస్) ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. మన వైపు కాన్పులు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే వరకు. మొదటి వారాల్లో పిల్ల తల్లి పొట్టకు కరుచుకునే ఉంటుంది, ఆ తర్వాత కొమ్మకు వేలాడుతూ తల్లి కోసం ఎదురుచూస్తుంది. అప్పటికింకా ఎగరలేదు.
- పొట్టిముక్కు పండ్ల గబ్బిలం (సైనాప్టెరస్ స్ఫింక్స్) ఏడాదికి రెండుసార్లు కంటుంది: ఫిబ్రవరి-మార్చిలో ఒకసారి, జూన్-జులైలో ఒకసారి.
- తొర్రల్లో ఉండే పురుగులు తినే గబ్బిలాల్లో చాలావాటికి ఎండాకాలంలోనే పిల్లలుంటాయి.

అందుకని తనిఖీ అక్టోబరు-నవంబరుకు, కోత నవంబరు చివరి నుంచి డిసెంబరుకు మార్చారు. జనవరి నుంచి చింతకాయ దులిపే పని మొదలవుతుంది, చెట్ల కింద జనం తిరుగుతారు. దానికి ముందే ముగించాలి.

చట్టం సంగతి ఒక్క మాటలో: చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఆ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్కకు తప్పుకోదు. పండ్ల గబ్బిలాలు అంతకుముందు హానికర జంతువుల జాబితాలో, అంటే పాత అయిదో షెడ్యూలులో, ఉండేవి. 2022 సవరణ ఆ షెడ్యూలునే ఎత్తేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. "గబ్బిలానికి చట్టమేముంది" అనే మాట ఇప్పటికీ వినిపిస్తోంది. అది పాత చట్టం నాటి మాట.

దశ 1: కింది నుంచి చూడటం (అక్టోబరు మొదటి సగం)

సామాన్లు: 8×42 బైనాక్యులర్, టార్చి, టేపు, చెట్టు నంబరు రాయడానికి సుద్ద, దిక్సూచి (ఫోనులోది చాలు), తెల్ల కాగితం, ఎన్95 మాస్కు, తోలు గ్లోవ్స్.

వెతికేవి ఇవి:

1. కొమ్మ విరిగిన చోట కుళ్లి ఏర్పడ్డ తొర్రలు, వడ్రంగి పిట్ట చేసిన రంధ్రాలు.
2. బరువుకు చీలిన కొమ్మల పర్రెలు. బొటనవేలు దూరే సందున్నా చాలు, నాలుగైదు గ్రాముల పిపిస్ట్రెల్ గబ్బిలం అందులో సర్దుకుంటుంది.
3. పెచ్చులు లేచిన బెరడు.
4. తాటిచెట్టుకు చుట్టూ వేలాడే ఎండు మట్టలు. చిన్న పసుపు గబ్బిలం (స్కోటోఫిలస్ కూలీ) ఇష్టపడే చోటు అదే.
5. తొర్ర అంచున నూనె పట్టినట్టు నున్నగా, నల్లగా అయిన మరక, దాని కింద కారిన చార.
6. కింద పడ్డ పెంటికలు, నమిలి ఉమ్మేసిన పండ్ల పిప్పి.

ఆరో అంశంలోనే ఎక్కువ తికమక. కట్ట మీద తొమ్మిది చెట్ల కింద పిప్పి దొరికింది. పిప్పి పడితే అది తిన్న చోటు, నివాసం కానక్కర్లేదు. పండ్ల గబ్బిలం ఒక చెట్టున పండు తెంపి, ఇంకో చెట్టుకు తెచ్చి వేలాడుతూ తింటుంది, పొద్దెక్కేసరికి ఎక్కడికో పోతుంది. అందుకే పిప్పిని విడిగా రాసి, పగటిపూట పైన గబ్బిలం కనిపిస్తేనే "ఉన్నాయి" అన్నాం.

పెంటికలది వేరే పరీక్ష. పొడవు కొలిస్తే తేలదు, చిట్టెలుకదీ పిపిస్ట్రెల్‌దీ రెండూ 5-8 మిల్లీమీటర్లలోనే ఉంటాయి. ఎండిన పెంటికను తెల్ల కాగితం మీద పెట్టి, గ్లోవ్ వేసుకున్న వేలితో నలపాలి. ఎలుకదైతే గట్టిగా ఉంటుంది, విరుగుతుంది గానీ పొడి కాదు. బల్లిదైతే ఒక కొసన తెల్లటి చుక్క ఉంటుంది. పురుగులు తినే గబ్బిలానిదైతే అలా తాకగానే పొడి అయిపోతుంది. ఆ పొడిని ఎండలో పట్టి చూస్తే పురుగుల రెక్కల ముక్కలు అభ్రకంలా తళుక్కుమంటాయి. ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

మరకల్లో జాగ్రత్త పడాల్సింది వేపతో. వేప బంక కారి ఎండితే మూత్రపు చార లాగే నల్లగా కనిపిస్తుంది. గోటితో గీకితే బంక గాజు పెళ్లలా లేస్తుంది, అసలు చార లేవదు.

ఏది చాలలేదు: మొదటి చుట్టు రోడ్డు వైపు నుంచి, మధ్యాహ్నం వెలుతురులో చేశాం. 27 చోట్లు దొరికాయి. చింత కొమ్మల పైభాగంలో చీలికలు కింది నుంచి అసలు కనిపించవు, సూర్యుడు ఎదురుగా ఉంటే తొర్ర నల్లమచ్చగా కూడా తేలదు. రెండో చుట్టు ఉదయం 7 నుంచి 9 మధ్య పెట్టి, ప్రతి చెట్టుకూ దగ్గర నుంచి ఒకసారి, 15 మీటర్ల దూరం నుంచి ఒకసారి పూర్తిగా చుట్టూ తిరిగి, ఆపైన నిచ్చెన వేసి కొమ్మల పైవైపు చూశాం. ఇంకో 7 చోట్లు బయటపడ్డాయి.

తాటిచెట్ల గురించి కల్లు గీసేవాళ్లను అడగడం మేలు. వాళ్లకు తెలిసినంత బైనాక్యులర్‌కు తెలియదు. "మట్ట కదిలిస్తే చాలన్నా, బిలబిలా బయటికొస్తాయి" అని ఏ చెట్టుకు వస్తాయో చెట్టు చూపించి మరీ చెప్పారు. వాళ్లు చూపించిన రెండూ తర్వాతి పరీక్షలో నిజమని తేలాయి.

ఇప్పటికి లెక్క: 38 చెట్లు. ఏ చోటూ లేనివి 15. పెద్ద గబ్బిలాల గుంపు ఉన్నవి 2 (ఒక మర్రి, దాని పక్క చింత). లోపల చూడాల్సినవి 21 చెట్లు, వాటిలో 34 చోట్లు: తొర్రలు 22, చీలికలూ పెచ్చులూ 7, తాటి మట్టలు 5.

దశ 2: తొర్ర లోపల చూడటం (అక్టోబరు రెండో సగం)

ముందు వద్దనాల్సినవి: పొగ పెట్టొద్దు. కర్రతో పొడవొద్దు. చెయ్యి పెట్టొద్దు, తొర్రలో జెర్రిపోతు ఉండొచ్చు, నాగుపాము కూడా ఉండొచ్చు. నిచ్చెన వేసే ముందు అయిదు నిమిషాలు తొర్ర నోటినే చూస్తూ నిలబడాలి. తేనెటీగలు వస్తూపోతూ ఉంటే ఆ చెట్టుకు నిచ్చెన వేయకూడదు. 3 మీటర్ల ఎత్తున ఈగలు లేస్తే కిందికి దూకడం తప్ప దారి ఉండదు.

సామాన్లు: ఫోనుకు తగిలించే ఎండోస్కోపు కెమెరా (తల 8 మిల్లీమీటర్లు, తీగ 5 మీటర్లు, లైటు తగ్గించే చక్రం ఉన్నది), 4.5 మీటర్ల నిచ్చెన, దాన్ని కట్టడానికి మోకు, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, స్పిరిట్, దూది. నిచ్చెన మీద ఒకరు, కింద పట్టుకుని ఫోను తెర చూసేవారు ఒకరు.

ఎండోస్కోపుతో వచ్చిన అడ్డంకులు ఒక్కొక్కటిగా:

తీగ వాలిపోవడం. కెమెరాను తొర్రలోకి తోస్తే బరువుకు కిందికే పోతుంది. గబ్బిలాలేమో పైనే ఉంటాయి. తొర్ర నోటి నుంచి కుళ్లు పైకి తొలుచుకుపోయిన గూడులాంటి భాగంలో, నోటికి పైన, వేలాడతాయి. కిందికి దిగిన కెమెరా చెత్త, ఎండుటాకులు, నీళ్లు చూపించి "ఖాళీ" అనిపిస్తుంది. మొదట చూసిన ఆరు తొర్రలనూ ఈ కారణంగానే మళ్లీ చూడాల్సి వచ్చింది.

మార్పు: 12 గేజి జీఐ తీగ (సుమారు 2.6 మిల్లీమీటర్లు) 1.2 మీటర్లు తీసుకుని, కెమెరా తీగకు ప్రతి 10 సెంటీమీటర్లకు ఒకచోట ఇన్సులేషన్ టేపుతో చుట్టాం. కొసన 15 సెంటీమీటర్లు కొక్కెంలా పైకి వంచాం. జీఐ తీగ కొస గీసుకోకుండా దాని మీద రెండు చుట్లు టేపు. ఇప్పుడు నోట్లోంచి దూర్చి మణికట్టు తిప్పితే కెమెరా పైకి చూస్తుంది. బైండింగు తీగతో కూడా ప్రయత్నించాం, అది మెత్తన, వంపు నిలవదు.

లైటు. పూర్తి వెలుతురు పెడితే దగ్గరి గోడ తెల్లగా మెరిసి వెనక ఉన్నది మాయమవుతుంది. ఆ వెలుతురు గబ్బిలానికీ మంచిది కాదు. అన్నిటికంటే తక్కువ మెట్టుతో మొదలుపెట్టి అవసరమైతేనే ఒక మెట్టు పెంచాలి. గబ్బిలం కనిపించిన క్షణమే ఫోటో ఒకటి తీసి కెమెరా బయటికి లాగేయాలి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం ఇక్కడి పని కాదు.

స్పష్టత. చవక కెమెరాలకు 3 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే సరిగా కనిపిస్తుంది. చింత మాను తొర్ర లోపల 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఎదుటి గోడ మసకే. అలాంటి పెద్ద తొర్రకు అద్దమూ టార్చీ మేలు: టార్చిని అద్దం మీదికి కొట్టి, అద్దాన్ని 45 డిగ్రీలు వంచి పైకప్పు చూడాలి. చిన్న సందుకు ఎండోస్కోపు, పెద్ద నోటికి అద్దం అని విడగొట్టాకే పని సాగింది.

ఒక తొర్ర నుంచి ఇంకో తొర్రకు పోయే ముందు కెమెరా తలను, కొక్కేన్ని స్పిరిట్‌తో తుడవాలి. మాస్కు తీయకూడదు, ఎండిన పెంట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్రతి తొర్రకూ రాసుకునే కొలతలు: నేల నుంచి నోటి ఎత్తు, నోటి వెడల్పు × పొడవు, నోరు ఏ దిక్కుకు ఉంది, నోటి నుంచి పైకి ఎంత లోతు, కిందికి ఎంత లోతు, కొస కనిపించిందా లేదా. కెమెరా తీగ మీద ప్రతి 10 సెంటీమీటర్లకు పెయింటు గీత పెట్టుకుంటే లోతు అదే తెలుస్తుంది. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. పైకి చూస్తున్న తొర్రలో వాననీళ్లు నిలిచి ఉంటే, పైకి గూడు లేకపోతే, అది గబ్బిలానికి పనికిరాదు. అలాంటివి మాత్రం నిశ్చింతగా "లేవు"లో వేయొచ్చు.

ఉదాహరణకు 14వ నంబరు చింత, పడమటి కొమ్మ: ఎత్తు 2.9 మీటర్లు, నోరు 6 × 11 సెంటీమీటర్లు, కిందికి 20, పైకి 55 సెంటీమీటర్లు, కొస కనిపించింది. పైకప్పున ఒకదానికొకటి ఒత్తుకుని గోధుమరంగు వీపులు, ఒకటి తల తిప్పి చూసింది. నోటి కింది అంచున పొడి అయ్యే పెంటికలు. గడి: ఉన్నాయి. అదే చెట్టు తూర్పు కొమ్మలో కూడా ఉన్నాయి.

తాటి మట్టల్లోకి ఎండోస్కోపు పోదు, పోయినా ఆకుల మధ్య ఏమీ తెలియదు. కింద పట్టా పరిచి పెంటికలు పట్టాలని చూశాం. విప్పిన యూరియా సంచులు, మూలలకు రాళ్లు. మేకలు తొక్కాయి, గాలికి మడతపడ్డాయి, ఆపైన చీమలు పెంటికలను ముక్కలు చేసి మోసుకుపోయాయి. పట్టా ఖాళీగా ఉంటే ఏమీ పడలేదా, పడింది పోయిందా తెలియదు. దాని బదులు దోమతెర గుడ్డను గరాటులా కుట్టి, చెట్టు మొదలుకు 2 మీటర్ల ఎత్తున కట్టి, కట్టిన తాడుకు గ్రీజు రాశాం. మేకకు అందదు, చీమ ఎక్కదు. వాన పడితే ఆ వారం లెక్క కొట్టేసి కొత్తగా మొదలుపెట్టాలి, పెంటిక నానితే మన్నులా కరిగిపోతుంది.

ఎండ బాగా కాసిన మధ్యాహ్నాల్లో, 3 నుంచి 4 మధ్య, తొర్ర కింద ఊరికే నిలబడి వినడం కూడా లాభమే. లోపల వేడెక్కితే అవి జరుగుతూ కిచకిచలాడతాయి. ఖర్చు లేని పరీక్ష, చాలామంది వదిలేస్తారు.

ఇప్పటికి లెక్క (34 చోట్లు): లేవు 19. ఉన్నాయి 4 (14వ చింత రెండు తొర్రలు, రెండు తాటిచెట్లు). వేరే జీవులున్నవి 3 (చిలకలు, చిన్న గుడ్లగూబ, తేనెటీగలు). తేలలేదు 8 (తాటి 3, తొర్రలు 5).

దశ 3: సాయంత్రపు కాపలా (అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య వరకు)

తేలని ఎనిమిదికీ ఇదే పరీక్ష. పద్ధతి:

1. పొద్దుగుంకడానికి 20 నిమిషాల ముందే కూర్చోవాలి. అనంతపురంలో అక్టోబరు చివర పొద్దుగుంకేది సాయంత్రం 5:50కి అటూఇటూ.
2. తొర్ర నోటికి పక్కగా, వెనక ఆకాశం వచ్చేలా కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే నల్ల మాను మీద నల్ల గబ్బిలం కనిపించదు.
3. పొద్దుగుంకాక 90 నిమిషాలు కదలకూడదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి, తొర్ర వైపు అది కూడా వేయకూడదు.
4. నోట్లోంచి వచ్చింది మాత్రమే లెక్క. చుట్టూ తిరిగేది లెక్క కాదు.
5. గాలి ఎక్కువున్నా, వాన పడినా ఆ సాయంత్రం చెల్లదు.
6. తెల్లవారుజామున, పొద్దు పొడవడానికి గంటన్నర ముందు నుంచి మరో కాపలా. తిరిగొచ్చిన గబ్బిలం లోపలికి దూరే ముందు నోటి దగ్గర పదేపదే చక్కర్లు కొడుతుంది, సాయంత్రం కంటే తేలిగ్గా దొరుకుతుంది.

నాలుగో నియమం దగ్గరే లెక్కలు ఎక్కువగా చెడతాయి. చెరువు పక్క కాబట్టి పురుగులెక్కువ, ఎక్కడెక్కడి గబ్బిలాలో వచ్చి చింత చుట్టూ తిరుగుతాయి. ఒకే తొర్రకు ఇద్దరు కూర్చుంటే ఒకరి లెక్క 4, ఇంకొకరిది 11. దీనికి మందు వీడియో. పాత సీసీ కెమెరా ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ, 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ దీపం. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలను టేపుతో మూసి, విడి దీపాన్ని 2 మీటర్లు పక్కన పెట్టాలి. లేదంటే కెమెరా ముందు ఎగిరే ప్రతి పురుగూ తెల్ల బంతిలా మెరిసి తెర నిండిపోతుంది. ఇంటికొచ్చి సగం వేగంతో చూస్తే నోట్లోంచి వచ్చింది ఏదో, పక్క నుంచి పోయింది ఏదో విడిపోతుంది.

థర్మల్ కెమెరా మీద పెట్టుకున్న ఆశ తీరలేదు. మన ఎండకు పగలంతా కాలిన మాను సాయంత్రం 6కి గబ్బిలమంత వెచ్చగానే ఉంటుంది, తెర మీద అంతా ఒకే రంగు. అదే కెమెరా తెల్లవారుజామున చక్కగా పనిచేసింది. అప్పటికి మాను చల్లబడి ఉంటుంది.

పురుగులు తినే గబ్బిలాలు ఎగురుతూ చేసే, మన చెవికి అందని కీచు శబ్దాన్ని రికార్డు చేయడానికి ఆడియోమాత్ అనే చిన్న పరికరం వాడాం. మూడు పెన్సిల్ సెల్స్, ఒక మెమరీ కార్డు. సెకనుకు 2,56,000 నమూనాల వేగం పెడితే 128 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. ఫైలు నిమిషానికి సుమారు 31 ఎంబీ, గంటకు 1.8 జీబీ. రెండు గంటల కాపలాకు 4 జీబీ అనుకుని కార్డు ఖాళీ ఉంచుకోవాలి. మానుకు కట్టకూడదు, కర్రకు కట్టి మీటరున్నర దూరంలో పెట్టాలి. కీచురాళ్ల రొద 20 కిలోహెర్ట్జ్ దాటి కూడా పోతుంది, జేబులో తాళంచెవుల గలగల ఇంకా పైకి పోతుంది. రెండూ గబ్బిలంలా మోసం చేస్తాయి.

ఈ పరికరం మీద నమ్మకానికి రెండు హద్దులున్నాయి. గబ్బిలం ఆ దగ్గర్లో ఉందని చెబుతుంది గానీ ఆ తొర్రలో ఉందని చెప్పదు. రెండోది ఇంకా ముఖ్యం: పెద్ద గబ్బిలం, పొట్టిముక్కు గబ్బిలం కళ్లతో, వాసనతో తిరుగుతాయి, పురుగులు తినేవాటిలా ఆ కీచు శబ్దం చేయవు. వందలున్న మర్రి కింద పెట్టినా పరికరానికి వాటి జాడే దొరకదు. పరికరం మూగబోయినంత మాత్రాన చెట్టు ఖాళీ అని రాసేయకూడదు.

ఫలితం: 22వ చింత తొర్ర నుంచి 6:07కు మొదటిది, మొత్తం 23. 31వ వేప తొర్ర నుంచి 9 పిపిస్ట్రెల్‌లు. మూడు తాటిచెట్లు, ఒక తొర్ర: సాయంత్రం, తెల్లవారుజాము కాపలాలు రెండింట్లోనూ ఏమీ రాలేదు, గరాటులో పెంటిక పడలేదు, కాబట్టి లేవు. మిగిలిన రెండు చింత తొర్రలకు నోరు లైను వైపు తిరిగి ఉంది, ఆకులు అడ్డం, వెనక ఆకాశం లేదు. వీడియోలో కూడా తేలలేదు. ఎంత విసుగొచ్చినా ఆ రెండూ తేలలేదు గడిలోనే ఉన్నాయి.

ఇప్పటికి లెక్క (34): లేవు 23, ఉన్నాయి 6, వేరే జీవులు 3, తేలలేదు 2.

దశ 4: మర్రి మీది గుంపు

ఇక్కడ వెతికే పని లేదు, లెక్కించే పనే. పగలు 30 మీటర్ల దూరం నుంచి, మర్రిని పెద్ద కొమ్మలను బట్టి ఏడు భాగాలు చేసి, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సగటు తీశాం: రెండు చెట్ల మీద కలిపి 236. సాయంత్రం గుంపు లేచేటప్పుడు చెరువు వైపు నుంచి లెక్కిస్తే 251. మర్రి ఆకు దట్టం, పగటి లెక్క ఎప్పుడూ తగ్గుతుంది.

డబ్బా కొట్టి లేపి లెక్కపెట్టమని సలహా వచ్చింది. పట్టపగలు ఎండలో గుంపు మొత్తం గాల్లోకి లేస్తే అలసిపోతాయి, చెల్లాచెదురై ఊళ్లో చెట్ల మీద వాలతాయి. 2018లో కేరళలో నిపా వచ్చినప్పటి నుంచి పండ్ల గబ్బిలమంటే భయం పెరిగింది, గుంపును తోలేయమనే మాట అందుకే. ఊరి బయట చెరువు గట్టున ఉన్న గుంపును ఇళ్ల మధ్యకు తోలడం ఆ భయానికి విరుగుడు కాదు. గబ్బిలం కొరికిన పండు తినకపోవడం, కల్లు ముంతలకు మూత కట్టడం, రాలిన గబ్బిలాన్ని వట్టి చేత్తో పట్టకపోవడం అసలు జాగ్రత్తలు.

ఎండాకాలం 42 డిగ్రీలు దాటితే ఇవి వేడికి తాళలేవు. రెక్కలతో విసురుకుంటూ ఉంటాయి, నీళ్ల మీదుగా ఎగిరి పొట్ట తడుపుకుని వచ్చి ఆ తడిని నాకుతాయి. నీడా నీళ్లూ ఒకేచోట ఉన్న చెట్టు అనంతపురంలో ఎన్ని దొరుకుతాయి? ఈ మర్రి విలువ అది.

నిర్ణయం: రెండు చెట్ల మీదా రంపం లేదు. ఆ 40 మీటర్ల మేర లైనును ఇన్సులేషన్ ఉన్న ఏబీ కేబులుగా మార్చాలని రాసి ఇచ్చాం. రెక్క విప్పితే మీటరు పైనే ఉండే జంతువు, రెండు వట్టి తీగలకూ ఒకేసారి తగులుతుంది. అది చస్తుంది, లైనూ ట్రిప్పవుతుంది. కేబులు వేస్తే రెండూ తప్పుతాయి, కొమ్మ కొట్టే అవసరమూ తగ్గుతుంది. రోడ్డును ఆ చోట అవతలి పక్కకు 1.5 మీటర్లు జరిపారు.

దశ 5: కోత (నవంబరు చివర, డిసెంబరు)

నాలుగు చింతలు (14, 22, తేలని రెండు): కొమ్మలు కొట్టారు, తొర్ర నోటికి ఏ పక్కనా మీటరు లోపల కోత లేదు. నోటి ముందున్న ఆకు కూడా కొంత ఉంచాలి, పూర్తిగా తీస్తే వెలుతురు నేరుగా పడుతుంది.

రెండు తాటిచెట్లు: ఎండు మట్టలు అలాగే ఉన్నాయి. లైనుకు తగిలే పచ్చాకు రెండు మాత్రం తీశారు.

31వ వేప: మొదలంటా పోయేదే, అందులో 9 గబ్బిలాలు. తొర్ర ఎత్తు 3.2 మీటర్లు, పైకి 60 సెంటీమీటర్లు. చేసిన వరస:

1. తొర్ర నోటికి ఒంటిదారి తెర. మొదట దోమతెర కట్టారు. అవి బయటికి వచ్చాయి, తెల్లవారుజామున అదే తెర పట్టుకుని పాకి లోపలికి పోయాయి. దోమతెర గోళ్లకు పట్టు ఇస్తుంది. దాన్ని తీసి 200 మైక్రాన్ల నున్నటి పాలిథీన్ పెట్టారు. పైన, రెండు పక్కలా బిగింపు, కింద తెరిచి, నోటి కింద 40 సెంటీమీటర్లు వేలాడేలా. జారి బయటికి వస్తాయి, పట్టు దొరక్క లోపలికి పోలేవు.
2. వాన లేని అయిదు రాత్రులు ఉంచి, ప్రతి సాయంత్రం కాపలా. చివరి రెండు సాయంత్రాలు ఏమీ రాకూడదు.
3. ఎండోస్కోపుతో కొసదాకా చూసి, ఖాళీ అని రాశాకే రంపం. పిల్లలుండే నెలల్లో ఈ తెర అసలు కట్టకూడదు. తల్లి బయట, పిల్ల లోపల ఉండిపోతుంది.
4. తొర్రకు పైన 50, కింద 50 సెంటీమీటర్లు వదిలి కోత. ముక్క పొడవు 1.6 మీటర్లు, అడ్డం 35 సెంటీమీటర్లు. పచ్చి కలపను నీళ్లంత బరువుగా లెక్కేస్తే సుమారు 154 కిలోలు. 16 మిల్లీమీటర్ల నైలాన్ మోకు, టన్ను చైన్ పుల్లీతో దించారు. విసిరేయడం లేదు.
5. ఆ ముక్కను 33వ వేపకు, నోరు అదే దిక్కుకు, అదే ఎత్తుకు, నిలువుగా బెల్టులతో కట్టారు. పైకొసకు రేకు మూత, వాన దిగకుండా. బెల్టుల్ని ఏడాదికోసారి వదులు చేయాలి, లేకపోతే చెట్టు ఒరుసుకుపోతుంది.

తెర కట్టడానికి వీలులేని తొర్ర అయితే ముక్కను మెల్లగా దించి, నోరు పైకి ఉండేలా నేల మీద పెట్టి, 24 గంటలు కదపకూడదు. లోపల ఏదైనా మిగిలి ఉంటే రాత్రికి వెళ్లిపోతుంది. వెంటనే ముక్కలు కొట్టి ట్రాక్టరుకెక్కించడమే అన్నిచోట్లా జరిగే నష్టం.

కోతలో గబ్బిలం కిందపడితే: పని ఆపాలి. తోలు గ్లోవ్స్‌తో, తువ్వాలుతో ఎత్తి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో నీడన పెట్టాలి. కొన్ని గబ్బిలాలకు నేల మీద నుంచి లేవడం కష్టం, కాబట్టి గాయం లేకపోతే మసక పడ్డాక మాను మీద మనిషెత్తున ఆనించి వదలాలి. గాయముంటే అటవీ శాఖకు ఫోను. ఎవరినైనా కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు ఆస్పత్రికి పోయి రేబిస్ టీకా సంగతి తేల్చుకోవాలి.

చివరి లెక్క: 38 చెట్లు. మామూలుగా పని చేసినవి 26. చిలకలు, గుడ్లగూబ, తేనెటీగల కోసం వాయిదా వేసినవి 3. గబ్బిలాల వల్ల పని మార్చినవి 9 (మర్రి 1, చింత 5, తాటి 2, వేప 1). వాటిలో నరికింది ఒక్క వేప.

పెయింటు గుర్తులు

మే నెలలో లైను పక్క కొమ్మలు కొట్టే జట్టు వేరు. వాళ్ల చేతికి ఈ రిజిస్టరు పోకపోవచ్చు. అందుకని మాను మీద, రోడ్డు వైపు, మనిషెత్తున గుర్తులు పెట్టాం: "ఉన్నాయి"కి, "తేలలేదు"కు ఒకటే పసుపు పట్టీ, వెడల్పు 10 సెంటీమీటర్లు, పక్కన చెట్టు నంబరు. రెంటికీ వేరే రంగులు పెట్టలేదు, రంపం పట్టుకున్నవాడు చేయాల్సింది రెండు చోట్లా ఒకటే కాబట్టి. సున్నం వాడొద్దు, మొదటి వానకే పోతుంది. ఆయిల్ పెయింటు రెండేళ్లు నిలుస్తుంది. "లేవు" అన్న 23 చోట్లకు ఏ గుర్తూ లేదు. ఆ మాట ఈ అక్టోబరు-నవంబరుకే చెల్లుతుంది, మళ్లీ కొట్టే ముందు మళ్లీ దశ 1 నుంచి చూడాలి.